స్కానరు అద్దం మీద బొట్టు

ఫోటో ఫిల్ముని స్కాన్ చేయడం పెద్ద విద్యేమీ కాదు. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకోవడం వచ్చినవాళ్ళకి సగం వచ్చినట్టే. మిగతా సగం ఓపిక. మా అటక మీద రేకుపెట్టెలో ఉన్న పాత నెగటివులన్నిటినీ రెండు వేసవుల్లో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఒక బల్ల స్కానరు దగ్గర కూచుని నాకు నేనే నేర్చుకుంటూ కంప్యూటరులోకి ఎక్కించాను. ఫిల్ముకి మెరిసే వైపేదో, మాసినట్టుండే వైపేదో చూసుకోవాలి. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదాలి. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. అంచులు మాత్రమే పట్టుకుని చట్రంలో పెట్టాలి. మూత లోపలి దీపం వెలిగిందో లేదో చూడాలి. ముందు ప్రివ్యూ చూసుకుని, బొమ్మలన్నీ గడుల్లో సరిగ్గా కూచున్నాయని నమ్మకం కుదిరాకే అసలు స్కాను మొదలుపెట్టాలి. నలుపుని తెలుపుగా, తెలుపుని నలుపుగా తిరగేసే పని కంప్యూటరు చేస్తుంది.

అన్నిటికంటే ముందు అద్దం తుడవాలి. అద్దం మీద ఏముంటే అది బొమ్మలో పడుతుంది. ఈ మాట మొదటే రాసిపెడుతున్నాను. ఎందుకంటే మా ఊళ్ళో దీనికి విరుద్ధంగా ఒక ఉత్తర్వు అమల్లో ఉంది.

మాది జూట్ మిల్లు ఉన్న ఊరు. మిల్లు గేటుకి ఎదురుగా చంద్రికా స్టూడియో ఉండేది. పెళ్ళైనా, పిల్లవాడి అన్నప్రాశన అయినా, మిల్లులో ఉద్యోగం పర్మనెంటు అయినా ఊరంతా వెళ్ళి ఆ స్టూడియోలో తెర మీద గీసిన కొండా, సరస్సూ బొమ్మ ముందు నిలబడేవారు. ఆ స్టూడియో ఆసామి పద్ధతైన మనిషి. ఆరేసి బొమ్మలకి ఒక పట్టీగా ఫిల్ముని కత్తిరించి, ఒక్కో పట్టీని ఒక్కో కాగితం కవరులో పెట్టి, కవరు మీద నంబరూ, తేదీ, బొమ్మల్లో ఉన్నవాళ్ళ పేర్లూ రాసేవారు. ఆయన పోయాక వాళ్ళబ్బాయి ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకుంటూ, నెగటివులున్న పద్దెనిమిది చెక్కపెట్టెల్నీ పురపాలక సంఘానికి ఇచ్చేశాడు.

పురపాలక సంఘం వెంటనే 'పుర స్మృతి నిధి' అనే విభాగం తెరిచింది. దానికి ప్రాజెక్టు అధికారిగా కూర్మారావుగారిని వేశారు. ఆయన అంతకుముందు వీధిదీపాలు చూసేవారు. ఇదీ వెలుతురుతో పనే కనక ఆయనకి ఇచ్చి ఉంటారు. స్కాన్ చేయడానికి జనన మరణాల విభాగం నుంచి లక్ష్మున్నాయుడు అనే గుమాస్తాని తెచ్చారు. ఇంకో రెండేళ్ళలో రిటైరు కావలసిన మనిషి. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన పాత ఫోటోలని కమిషనరుగారి భార్య చూసి మెచ్చుకోవడంతో నన్ను 'గౌరవ సాంకేతిక సలహాదారు'గా పిలిచారు. గౌరవ అంటే ఆటో మనదే అని అర్థం.

ప్రారంభోత్సవం రోజున నేను తొమ్మిదింటికల్లా వెళ్ళి అద్దాన్ని మెత్తని బట్టతో రెండుసార్లు తుడిచి మూత వేశాను. గుమ్మానికి అరటిపిలకలు కట్టారు. కొబ్బరికాయని నా మనవి మీద బయటే కొట్టారు. ప్రాంతీయ సంచాలకులుగారు పదకొండున్నరకి వచ్చి, రిబ్బను కత్తిరించి, మూత పైకెత్తి, పసుపుముద్దలో బొటనవేలు ముంచి అద్దం మీద అద్దారు. దాని మధ్యలో కుంకం పెట్టారు. చప్పట్లు కొట్టారు. ఫోటో సరిగ్గా రాలేదని ఫోటోగ్రాఫరు అడిగితే మళ్ళీ పెట్టారు, ఇంకాస్త మందంగా.

కొత్త వస్తువుకి బొట్టు పెట్టడం మనకి ఉన్నదే. మా మిక్సీకి నేనూ పెట్టాను. బయట పెట్టాను, జారు లోపల పెట్టలేదు.

ఆయన కారెక్కగానే బట్ట పట్టుకుని వెళ్ళాను. కూర్మారావుగారు నా చేతికి అడ్డం వచ్చారు. 'సంచాలకులవారు స్వహస్తాలతో అలంకరించిన పరికరాన్ని అదే రోజున శుభ్రపరచడం పరిపాలనా మర్యాదకి భంగం' అన్నారు. రేపు తుడుద్దామన్నాను. ఆ మర్నాడు శుక్రవారం.

ఇక్కడ చట్రం సంగతి కొంచెం చెప్పాలి. అందులో పై వరసలో ఆరు గడులు, కింది వరసలో ఆరు గడులు ఉంటాయి. వరసకి ఒక పట్టీ చొప్పున రెండు పట్టీలు పెడితే ఒక్కసారికి పన్నెండు బొమ్మలు వస్తాయి. సంచాలకులవారి బొటనవేలు కింది వరసలో మూడో గడి అడుగున పడింది. దీపం వెలుతురు పసుపు కుంకాల్లోంచి రాదు కనక అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. కంప్యూటరు తిరగేస్తే అది తెల్లబోతుంది. మొదటి రోజు మొదటి చట్రంలో పదకొండు మంది చక్కగా వచ్చారు. మిగిలిన ఒక్కాయన మిల్లు మేస్త్రీ. కోటూ, చేతిలో గొడుగూ, మెడ దాకా అన్నీ ఉన్నాయి. మెడ పైన అంచులు మసకబారిన తెల్లటి మబ్బు ఉంది.

శనివారం నేను రాతపూర్వకంగా మనవి చేశాను. ఆ కాగితానికి ఒక ఫైలు పుట్టింది. ఫైలు అన్నాక పైన విషయం రాయాలి. లక్ష్మున్నాయుడు తనకి తెలిసినంతలో శుద్ధంగా, 'విషయము: బొట్టు తుడిచివేయుట – గురించి' అని రాసి పంపాడు.

ఆ ఫైలు మీద ఒక్కరూ సంతకం పెట్టలేదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. పెళ్ళాం బిడ్డలున్న ఇంటికి వెళ్ళవలసిన మగవాడు 'బొట్టు తుడిచివేయుటకు అనుమతించడమైనది' అని రాసి కింద తన పేరు ఎలా పెడతాడు? శానిటేషన్ ఇనస్పెక్టరు ఫైలు తెరిచి, మూసి, లేచి కాళ్ళు కడుక్కున్నాడని చెప్పుకున్నారు. మేనేజరుగారి భార్యకి ఎవరో ఫోనులో చెప్పారట. ఆవిడ ఆఫీసుకే వచ్చి ఆ ఫైలుని ఆయన బల్ల మీంచి పక్క బల్ల మీదకి తోయించి వెళ్ళింది. విషయాన్ని 'అద్దము శుభ్రపరచుట'గా మార్చమని నేను సూచించాను. ఒకసారి నమోదైన విషయాన్ని మార్చాలంటే పాత విషయాన్ని ఆమోదించి ముగించాలట. ఆమోదించడం అంటే సంతకం పెట్టడం.

పోనీ కింది వరస మూడో గడిని ఖాళీగా వదిలేద్దామన్నాను. చట్రానికి పన్నెండని పై ఆఫీసుకి లెక్క వెళ్ళిందనీ, పదకొండైతే ఆ చట్రం అసంపూర్ణం కిందికి వస్తుందనీ కూర్మారావుగారు చెప్పారు. పైగా ప్రతి పట్టీనీ ఒకే ఒక్కసారి స్కాన్ చేసి, కవరుకి లక్కముద్ర వేసి పెట్టెలో పెట్టాలని నియమం. రెండోసారి తీస్తే ఒకే పౌరుడు రెండుసార్లు నమోదైనట్టవుతుంది. జనన మరణాల విభాగంలో పుట్టిన నియమం అది. అక్కడ అది సరైనదే.

ఈలోగా సంచాలకులవారికి ప్రమోషను వచ్చింది. దానితో బొట్టుకి మహిమ కూడా వచ్చింది.

మా జాకెట్లు కుట్టే పైడమ్మకి ఈ సంగతులేవీ తెలియవు. తెలిసిందల్లా స్టూడియో ఫిల్ములు ఆఫీసుకి చేరాయనీ, నేను అక్కడికి వెళ్తున్నాననీ. ఒకరోజు జాకెట్టు ఆది తీసుకోవడానికి వచ్చి, టేపు మెడలో వేసుకుని, చాలాసేపు గోడకేసి చూస్తూ నిలబడింది. తనకి రెండేళ్ళప్పుడు తల్లి జ్వరంతో పోయింది. ఉన్న ఒక్క ఫోటో వాళ్ళ పూరిల్లు అంటుకున్నప్పుడు పోయింది. తల్లి ముఖం పైడమ్మకి గుర్తు లేదు. మారుతల్లి మంచిదేగాని, ఆ ముఖం ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు.

"నాకేటీ అక్కర్నేదమ్మా," అంది. "మాయమ్మ మొకం ఎలగుంటాదో ఒక్కపాలి సూడాల. అంతే."

తల్లి పేరు ఆదెమ్మ. నేను రిజిస్టరు తిరగేశాను. 4417వ కవరు, మూడో బొమ్మ: 'ఆదెమ్మ, మిల్లు కూలీ, ఒళ్ళో పాపతో'. దాని ఎదురుగా లక్ష్మున్నాయుడి చేతిరాతతో 'స్కాన్ అయినది' అని ఉంది. నాకు సంతోషం కలిగింది. కూడా రమ్మని పైడమ్మని తీసుకెళ్ళాను. ముందు నేనొక్కదాన్నే చూసి ఉండవలసింది. అంత జాగ్రత్త ఉన్నదాన్ని, ఆరోజు ఆ జాగ్రత్తని ఇంట్లో వదిలేసి వెళ్ళాను.

లక్ష్మున్నాయుడు బొమ్మ తెరిచి, వెంటనే మూసేయబోయాడు. అప్పటికే పైడమ్మ చూసేసింది. కొండా సరస్సూ ముందు ఒక కుర్చీ. కుర్చీలో పూల చీర. ఒళ్ళో కాటుక దిద్దిన పాప, నోట్లో పిడికిలి. పాపకి పైన తెల్లటి మబ్బు.

"మొకం ఏదమ్మా?" అని నన్ను అడిగింది.

అద్దం మీద కుంకం ఉందని చెప్పాను. అంతకంటే పెద్ద కారణం ఉంటుందేమో అన్నట్టు నాకేసి చూసింది. లక్ష్మున్నాయుడు మేజా సొరుగులో ఏదో వెతుక్కున్నాడు.

"తుడిసీయొచ్చు కదా బాబూ," అంది అతనితో.

"తుడిసీయొచ్చు తల్లీ," అన్నాడు. "రాసీయడానికే నేదు."

ఆ పట్టీని పై వరసలో పెట్టి మళ్ళీ తీయమని కూర్మారావుగారిని అడిగాను. ఆయన దయగలవారే. కూచోమన్నారు, టీ తెప్పించారు. లక్కముద్ర పడిన పట్టీ 'శాశ్వత విశ్రాంతి స్థితి'లో ఉంటుందని వివరించారు. ఆదెమ్మగారి విషయంలో వారికి పూర్తి సానుభూతి ఉందనీ, ఆదెమ్మగారే స్వయంగా అర్జీ పెట్టుకుంటే పరిశీలించే అవకాశం ఉండేదనీ అన్నారు. పైడమ్మ ఆ టీ తాగలేదు.

ఆ తరవాతి నెలలో ఊళ్ళో ఒక జిరాక్సు దుకాణం అతను స్మృతి నిధి బొమ్మలని తన దగ్గర ముద్రించి ఇస్తున్నాడని ఫిర్యాదు వచ్చింది. అసలుకీ నకలుకీ తేడా ఎలా తెలుస్తుందని పై ఆఫీసు అడిగింది. కూర్మారావుగారు రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు నన్ను పిలిచి మేస్త్రీ బొమ్మ చూపించారు.

"మేడం, ఈ శ్వేత వలయాన్ని గమనించారా? దీన్ని బయటివాళ్ళెవరూ సృష్టించలేరు. ఇది మన అద్దంలో తప్ప ప్రపంచంలో ఏ అద్దంలోనూ లేదు."

ఆ మాట నిజమేనని ఒప్పుకున్నాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'పుర స్మృతి నిధి ద్వారా జారీ అగు చిత్రములందు ప్రారంభోత్సవ శ్వేత చిహ్నము గలవి మాత్రమే ప్రామాణికములుగా పరిగణించబడును. చిహ్నము లేని చిత్రములతో కార్యాలయమునకు ఎట్టి సంబంధమూ లేదు.' ఒక కాపీ నోటీసు బోర్డు మీద, ఒక కాపీ నాకు.

అంటే పన్నెండింట ఒకటి అసలుది. పదకొండు నకిలీ.

మా ఊరివాళ్ళు దేనికైనా తొందరగా అలవాటు పడతారు. ముఖం స్పష్టంగా వచ్చిన ఫోటోలు తీసుకున్నవాళ్ళు పదిరోజుల్లో వాటిని తిరిగి తెచ్చి క్యూ కట్టారు. మిల్లు హైస్కూలు పాత విద్యార్థుల బృంద చిత్రంలో మచ్చ ముందు వరసలో అయిదుగురి మీద పడింది. ఆ అయిదుగురే ఆ బడిలో చదివినట్టు ప్రామాణికంగా తేలింది. వాళ్ళలో ఒకాయన మిగతావాళ్ళకి చాలా ఓర్పుగా ధైర్యం చెప్పాడు. అంచున ఉన్న ఆరో ఆయనకి ఒక చెవీ, సగం చెంపా పోయాయి. తన సంగతి ఏమిటని అడిగితే 'పాక్షిక ప్రామాణికత' అని రాసిచ్చారు. ఆయన దాన్ని లామినేషను చేయించుకున్నాడు. రిటైరైన తాసీల్దారొకాయన తన పెళ్ళి ఫోటోలో తన ముఖం పోయి భార్యది మిగిలిందని మురిసిపోతూ స్వీట్లు పంచాడు. ఆవిడ మాత్రం తనకి అన్యాయం జరిగిందని కమిషనరుగారి దాకా వెళ్ళింది.

టౌనుహాల్లో ప్రదర్శన పెట్టారు. నలభై పెద్ద ఫోటోలు, నలభై మబ్బులు. ప్రవేశద్వారానికి ఎదురుగా, అన్నిటికంటే పెద్దదిగా, ఆదెమ్మ. కింద 'మాతృత్వము' అని పేరు. మబ్బు సరిగ్గా మధ్యలో, నిండుగా, ఎక్కడా చెదరకుండా పడ్డ బొమ్మ అదొక్కటేనట. రాష్ట్రస్థాయి సమావేశానికి దాన్నే నమూనా చిత్రంగా పంపుతున్నామని కూర్మారావుగారు మైకులో ప్రకటించారు. జనం వచ్చి చూసి చాలా బాగుందన్నారు. బడిపిల్లలని వరసలో తెచ్చిన టీచరు, తల్లికి రూపం ఉండదని వాళ్ళకి బోధించింది.

పైడమ్మ కుట్టుపని ఆపుకుని వచ్చింది. బొమ్మ ముందు నిలబడి, ఆ చీర బోర్డరు కొలిచినట్టు చూసింది. కుర్చీ చేతి మీద ఉన్న తల్లి చెయ్యిని చూసింది. తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది.

"గోళ్ళు నాయిలాగే ఉన్నాయమ్మా," అంది.

నేను ఇంటికొచ్చి ఆ రోజు వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ప్రదర్శన విజయవంతమైంది కనక తరవాతి మెట్టు వచ్చింది. ప్రామాణికం కాని పదకొండు వంతుల మందికీ చిహ్నం ప్రసాదించాలని పై ఆఫీసు ఆదేశించింది. అంటే ప్రతి బొమ్మా విడివిడిగా కింది వరస మూడో గడిలోకి రావాలి. దీనికి ముద్రలు విప్పడానికి అనుమతి ఉంది. చిహ్నం ఇప్పటికే ఉన్న బొమ్మలని మాత్రం మళ్ళీ స్కాన్ చేయకూడదు. వాటికి ఇంక పొందవలసింది ఏమీ లేదు. ఆదెమ్మ ఆ జాబితాలో మొదటి పేరు.

ప్రతి బొమ్మా విడివిడిగా రావడానికి కూర్మారావుగారు మార్గం కనిపెట్టారు. పట్టీలని ముక్కలు చేయడం. ఇరవై కత్తెర్లు వచ్చాయి, పెద్దవి, పార్కులో క్రోటన్లు కత్తిరించేవి. వాటితో పాటు పార్కు సిబ్బంది కూడా వచ్చారు. ఫిల్ము మీద బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉండే జాగా పప్పుబద్దంత. సోమవారం నాడు మొదలుపెడతామన్నారు. 4400 నుంచి 4500 దాకా ఉన్న పెట్టె మొదటిది. నమూనా చిత్రం ఆ పెట్టెలోదే కనక శుభమట.

పైడమ్మకి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండునేమో గాని, అది దాని తల్లి. "తొందరపడి కత్తెరేసీ పని కాదు కదమ్మా అది," అని మాత్రం అంది. తరవాత మిషను మీద ఉన్న గుడ్డని తీసి మడిచి, మళ్ళీ పరిచి, కుట్టకుండా కూచుంది.

శనివారమంతా నేను ఉత్తర్వుని చదివాను. వంట పుస్తకమైనా, ఉత్తర్వైనా రెండుసార్లు చదివితే అందులో లేనిదేదో తెలుస్తుంది. ప్రతి బొమ్మా మూడో గడిలోకి రావాలని ఉంది. ముక్కలు చేయాలని ఎక్కడా లేదు. మొన్నటిదాకా ఒక్కసారే స్కాన్ చేయాలన్న నియమం వల్ల జరపడం అనే ఆలోచన ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. చట్రానికి రెండు చివరలూ తెరిచే ఉంటాయి. పట్టీని ఒక గడి పక్కకి జరిపితే నాలుగో బొమ్మ మూడో గడిలోకి వచ్చి కూచుంటుంది. మూడో బొమ్మ, అంటే ఆదెమ్మ, రెండో గడిలోకి వెళ్తుంది. ఆ గడి కింద అద్దం మీద ఏమీ లేదు.

సోమవారం పొద్దున్నే కూర్మారావుగారి ముందు కూచున్నాను. ముఖం సంగతి ఎత్తలేదు. కత్తెరతో చేస్తే ఒక్కో పట్టీ నుంచి ఆరు ముక్కలొస్తాయనీ, ఆరు ముక్కలకి ఆరు కవర్లూ, ఆరు ముద్రలూ, ఆరు నంబర్లూ కావాలనీ, రిజిస్టరు ఆరింతలవుతుందనీ, అందులో 4417వ కవరు ఎక్కడుందని రాష్ట్రస్థాయిలో ఎవరైనా అడిగితే జవాబు ఉండదనీ చెప్పాను. జరిపితే ఇవేవీ ఉండవు. ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"జరుపుట," అన్నారు, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "స్థానచలనం. మంచి పద్ధతి, మేడం. నేను కూడా రాత్రి నుంచి ఆ దిశగానే ఆలోచిస్తున్నాను."

మొదటి స్థానచలనం ఏ పట్టీతో చేయాలని అడిగారు. నమూనా చిత్రమున్న పట్టీలోనే మిగతా అయిదుగురూ ఇంకా చిహ్నం లేకుండా ఉండడం బాగోదన్నాను. అది ఆయనకి నిజంగానే బాధ కలిగించింది. లక్కముద్ర విప్పాలంటే ప్రజల నుంచి ఒక సాక్షి ఉండాలి. బయట వరండాలో ఒకావిడ ఉందని చెప్పాను. పైడమ్మ లోపలికి వచ్చి సాక్షి గడిలో సంతకం పెట్టింది.

లక్ష్మున్నాయుడు చేతులు కడుక్కుని వచ్చాడు. తెల్ల చేతిగుడ్డతో తుడుచుకున్నాడు. నేను నేర్పినవన్నీ చేశాడు. పట్టీ అంచులు పట్టుకుని తీశాడు, బుడ్డితో ఊదాడు, మెరిసే వైపు కిందికి పెట్టాడు, ఒక గడి జరిపాడు. మొదటి బొమ్మ చట్రం బయటికి వచ్చింది. ఫరవాలేదు. మూత వేసి ప్రివ్యూ నొక్కాడు. దీపం ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా నడిచింది.

తెర మీద గడులు ఒక్కొక్కటిగా నిండాయి. మూడో గడిలో ఎవరో యువకుడు, సైకిలు పట్టుకుని, మెడ మీద మబ్బుతో. కూర్మారావుగారు సంతృప్తిగా తలూపారు. దాని పక్కన, రెండో గడిలో, పూల చీరకి పైన ముఖం వచ్చింది.

పైడమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. లక్ష్మున్నాయుడు ఆ గడిని పెద్దది చేశాడు, ఎవరూ అడక్కుండానే.

ఇరవై ఏళ్ళకి మించని పిల్ల. నుదురు చిన్నది. ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు. పాపిట్లోంచి ఒక పాయ జారి చెంప మీద పడింది. పైడమ్మకి నలభై దాటాయి.

"నాకన్నా సిన్నదమ్మా," అంది. "పసిపిల్ల."

అప్పటికి కూర్మారావుగారి చూపు కూడా ఆ గడి మీదికి వచ్చింది. చిహ్నం లేకుండా ఒక చిత్రం తెర మీద ఉందనీ, అది అనధికారికమనీ, వెంటనే తొలగించాలనీ అన్నారు. ఆ బొమ్మకీ ఆఫీసుకీ సంబంధం లేదు కదా అని అడిగాను. ఎంతమాత్రం లేదన్నారు. మరి ఆఫీసుది కానిదాన్ని ఆఫీసు ఎలా తొలగిస్తుందని అడిగాను. ఆయన జవాబు కోసం నోటీసు బోర్డు వైపు చూశారు. అక్కడ ఆయన రాసిన వాక్యమే ఉంది.

"సంబంధం లేదని ఒక కాగితం రాసివ్వండి చాలు," అన్నాను.

బాధ్యత లేదని రాయమంటే ఏ అధికారీ వెనకాడడు. లెటర్‌హెడ్డు మీద రాశారు. సంతకం పెట్టారు, ముద్ర కొట్టించారు. 4417వ కవరులోని మూడవ బొమ్మకు చెందిన చిహ్నరహిత ప్రతితో పుర స్మృతి నిధికి ఎట్టి హక్కూ, ఆసక్తీ, అభ్యంతరమూ లేవు. ఆయన రాస్తున్నంతసేపట్లో లక్ష్మున్నాయుడు అసలు స్కానుకి మూడో గడి చుట్టూ గీత గీసి, ఆ తరవాత రెండో గడి చుట్టూ కూడా గీశాడు. రెండోదానికి స్పష్టత రెట్టింపు పెట్టాడు. దీపం ఈసారి మరీ నిదానంగా నడిచింది. ఆ మనిషి జీవితంలో ఎన్నో చావుల్ని నమోదు చేశాడు గాని, అంత జాగ్రత్తగా ఒక మనిషిని బయటికి తీయడం నేను అప్పుడే చూశాను.

ఫోటో ప్రింటరులోంచి వెచ్చగా వచ్చింది. పైడమ్మ దాన్ని అంచులు మాత్రమే పట్టుకుంది. ఎవరూ నేర్పలేదు.

కూర్మారావుగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫోటోని ఒకసారి అడిగి తీసుకుని పరిశీలించారు. వెలుతురు విషయంలో అనుభవం ఉన్నవారు. ఒక లోపం వెంటనే పట్టుకున్నారు.

"ఇది ఎలాగూ గుర్తింపుకి పనికిరాదమ్మా," అన్నారు పైడమ్మతో, ఓదారుస్తున్నట్టుగా. "చూశావా, ఆవిడ కెమెరా వైపు చూడనే లేదు. కిందికి చూస్తోంది."

పైడమ్మ ఫోటోని మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుంది.

"అవును బాబూ," అంది. "నాకేసి సూస్తంది."